బురఖాలోంచి వినిపించిన గొంతు: బీ అమ్మ

బురఖా వేసుకున్న స్త్రీ బస్సెక్కినా, బ్యాంకు కౌంటరు ముందు నిలబడినా, కాలేజీ గేటు దాటినా ఆమె నోరు విప్పకముందే ఎదుటివారు ఆమె గురించి ఒక నిర్ణయానికి వచ్చేస్తుంటారు. చదువుకోలేదని కొందరు అనుకుంటారు. ఇంట్లో మగవాళ్ల ఒత్తిడితో వేసుకుందని కొందరు, ఆమెకంటూ సొంత అభిప్రాయం ఉండదని మరికొందరు భావిస్తారు. విచారకరమైన విషయమేమిటంటే ఇదే మాటను మనలోనూ కొందరు మరో రకంగా అంటుంటారు. పర్దా పాటించే స్త్రీకి ఇంటి గడప దాటిన ఏ విషయంతోనూ పనిలేదన్నది వారి వాదన. ఒకటి బయటివారి దురభిప్రాయం, రెండోది ఇంటివారి దురభిప్రాయం. రెండూ కలిసి ఆమెను మాట్లాడనివ్వవు.

ఈ రెండింటికీ జవాబు చెప్పే ఒక జీవితం మన దేశ చరిత్రలోనే ఉంది. ఆమె పేరు ఆబాదీ బానో బేగం. అలీ సోదరులుగా ప్రసిద్ధులైన మౌలానా షౌకత్ అలీ, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్‌ల మాతృమూర్తి. ఇంట్లో పిల్లలు పిలిచినట్లే దేశమంతా ఆమెను బీ అమ్మ అని పిలిచింది. స్వాతంత్ర్యోద్యమ పుస్తకాల్లో ఆమె ప్రస్తావన తరచూ కుమారుల పేర్ల వెనుక ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. నిజానికి ఆమె జీవితాన్ని విడిగా, నిదానంగా చదవాలి.

బాల్యం, వైధవ్యం

బీ అమ్మ 1850 ప్రాంతంలో నేటి ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో జన్మించారు. 1857 తిరుగుబాటు, ఆ తర్వాత ఆంగ్లేయులు తీర్చుకున్న ప్రతీకారం ఆమె బాల్యంలోనే జరిగాయి. ఢిల్లీ చుట్టుపక్కల ఎన్నో ముస్లిం కుటుంబాలు ఉరికొయ్యలనూ ఆస్తుల జప్తులనూ చూసిన కాలమది. ఆడపిల్లల కోసం బడులు లేవు. గౌరవప్రదమైన కుటుంబాల్లో అమ్మాయిలు ఇంట్లోనే ఖుర్ఆన్ పారాయణం నేర్చుకునేవారు. బీ అమ్మకూ బడి చదువు లేదు.

రాంపూర్ సంస్థానంలో ఉద్యోగి అయిన అబ్దుల్ అలీ ఖాన్‌తో ఆమె వివాహం జరిగింది. ఐదుగురు కుమారులు, ఒక కుమార్తె కలిగారు. 1880లో భర్త కలరా సోకి చిన్న వయసులోనే మరణించారు. ఆమె కూడా అప్పటికి ముప్ఫై ఏళ్ల లోపో, ఆ దరిదాపుల్లోనో ఉన్న యువతి. 1873లో పుట్టిన షౌకత్ అలీకి ఏడేళ్లు. 1878 డిసెంబరులో పుట్టిన ముహమ్మద్ అలీకి ఇంకా రెండేళ్లు కూడా నిండలేదు.

వితంతువు తిరిగి వివాహం చేసుకోవడాన్ని ఇస్లాం అనుమతించడమే కాదు, ప్రోత్సహించింది కూడా. బీ అమ్మ మాత్రం పిల్లల పెంపకానికే తన జీవితాన్ని అంకితం చేశారు. నమాజు, ఖుర్ఆన్ పారాయణం, నిరాడంబరమైన తిండి, బట్ట ఆ ఇంటి పద్ధతి. పిల్లలకు ధర్మం పట్ల ప్రేమ తల్లి ఒడిలోనే అబ్బింది. తన విశ్వాసం తల్లి పెట్టిన భిక్షేనని ముహమ్మద్ అలీ పెద్దయ్యాక కూడా కృతజ్ఞతతో తలచుకునేవారు.

తాకట్టుకు వెళ్లిన నగలు

కుటుంబ ఆస్తి వ్యవహారాలన్నీ పిల్లల పినతండ్రి చేతిలో ఉండేవి. షౌకత్ అలీని ఇంగ్లీషు బడికి పంపాలని బీ అమ్మ సంకల్పించినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. ఇంగ్లీషు చదువు పిల్లలను ధర్మానికి దూరం చేస్తుందన్నది ఆయన భయం. ఆ రోజుల్లో ఎందరో పెద్దలకు అదే భయం ఉండేది. కనుక ఆయనను తప్పుపట్టనవసరం లేదు. డబ్బు మాత్రం ఇవ్వనన్నారు.

బీ అమ్మ ఆయనతో గొడవ పెట్టుకోలేదు. తన నగలు తీసి పనిమనిషి ద్వారా గుట్టుగా తాకట్టు పెట్టించారు. ఆ డబ్బుతో కొడుకును బరేలీ బడిలో చేర్పించారు. విషయం తెలిసి పినతండ్రి నివ్వెరపోయారు. నగలు విడిపించి ఇచ్చారు. పిల్లల చదువు ఖర్చు ఆస్తి నుంచే భరించడానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత అన్నదమ్ములు అలీగఢ్ వెళ్లారు. షౌకత్ అలీ ప్రభుత్వోద్యోగంలో చేరి తమ్ముడికి అండగా నిలిచారు. ముహమ్మద్ అలీ 1898లో ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లోని లింకన్ కాలేజీలో చరిత్ర చదువుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇంగ్లీషు అక్షరం ముక్క తెలియని ఒక పర్దానషీన్ వితంతువు తన పిల్లలకు ఏ చదువు కావాలో నిర్ణయించుకున్నారు. దానికి డబ్బు సమకూర్చారు. కుటుంబ పెద్దను ఒప్పించారు. ఇదంతా పర్దాలో ఉండే చేశారు. బురఖా కప్పింది ఆమె శరీరాన్ని, ఆమె బుద్ధిని కాదు.

నిర్బంధంలో తల్లి

ముహమ్మద్ అలీ 1911లో కలకత్తాలో కామ్రేడ్ అనే ఇంగ్లీషు పత్రికను ప్రారంభించారు. మరుసటి సంవత్సరం దాన్ని ఢిల్లీకి తరలించారు. 1913లో ఉర్దూలో హమ్‌దర్ద్ వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి బ్రిటన్, టర్కీ ఎదురుబొదురుగా నిలబడడంతో అలీ సోదరుల కలం ప్రభుత్వానికి కంటగింపయింది. 1915లో వారిద్దరినీ నిర్బంధించారు. మొదట మెహ్రౌలీ, తర్వాత లాన్స్‌డౌన్, ఆ పైన మధ్యపరగణాల్లోని ఛింద్వాడా.

వృద్ధురాలైన బీ అమ్మ కొడుకులతోపాటే ఛింద్వాడాలో ఉన్నారు. 1917లో ప్రభుత్వం ఒక హామీపత్రం పంపింది. దాని మీద సంతకం చేస్తే విడుదల చేస్తామన్నది. పత్రం పట్టుకొచ్చిన పోలీసు అధికారి కొడుకులతో మాట్లాడుతుండగా బీ అమ్మ బురఖా ధరించి ఆ గదిలోకి వచ్చారు. ధర్మానికీ దేశానికీ విరుద్ధమైన షరతుకు తన బిడ్డలు తలవంచితే ముసలితనంతో వణుకుతున్న తన చేతులకు వారి గొంతు నులిమేంత బలాన్ని అల్లాహ్ ప్రసాదిస్తాడని ఆ అధికారి ముఖం మీదే చెప్పారు. అన్నదమ్ములు ఆ షరతులకు లొంగలేదు. 1919 డిసెంబరు చివరిదాకా వారికి విడుదల లభించలేదు.

తల్లి అన్నాక బిడ్డలు ఇంటికి రావాలని కోరుకోదా? కోరుకుంటుంది. ఆ కోరికను పక్కనపెట్టి బీ అమ్మ ఆ మాట అన్నారు. అందులోనే ఆమె గొప్పదనం ఉంది.

కలకత్తా సభలో

1917 జూన్‌లో హోంరూల్ ఉద్యమ నాయకురాలు అనిబిసెంట్‌ను ప్రభుత్వం నిర్బంధించినప్పుడు, ఆమె విడుదల కోసం సాగిన ఆందోళనలో బీ అమ్మ కూడా పాలుపంచుకున్నారు. ధర్మం వేరు, దేశం వేరు, దుస్తులు అసలే వేరు. అయినా అన్యాయానికి గురైన ఒక స్త్రీ పక్షాన మరొక స్త్రీ నిలబడింది.

ఆ సంవత్సరాంతంలో కలకత్తాలో జరిగిన ముస్లిం లీగ్ మహాసభకు నిర్బంధంలో ఉన్న ముహమ్మద్ అలీని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆయన రాలేరు కనుక అధ్యక్షుని కుర్చీలో ఆయన చిత్రపటం పెట్టారు. ఆయన తరఫున తల్లి వచ్చారు. వేలాది మంది పురుషులున్న ఆ సభలో బీ అమ్మ బురఖాలోంచే ప్రసంగించారు. అంత పెద్ద రాజకీయ వేదిక మీద ఒక పర్దానషీన్ ముస్లిం మహిళ మాట్లాడడం అంతకు ముందు జనం చూసి ఎరుగరు. ముఖం కనబడలేదు. మాట మాత్రం సూటిగా వెళ్లి తగిలింది.

అలాగని ఇది ఇస్లాం చరిత్రలో కొత్త విషయమేమీ కాదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తెర వెనుక నుంచే సహాబాలకూ తాబియీలకూ హదీసులు, ధర్మశాస్త్ర విషయాలు బోధించారు. గొప్ప గొప్ప పండితులు ఆమె వద్ద సందేహాలు తీర్చుకున్నారు. తెర అడ్డుగా ఉన్నంత మాత్రాన జ్ఞానం ఆగిపోలేదు. బీ అమ్మ నడిచింది ఆ బాటలోనే.

ఖిలాఫత్ ఉద్యమం, ఖద్దరు

అలీ సోదరులు విడుదలయ్యాక ఖిలాఫత్ ఉద్యమం, గాంధీజీ సహాయ నిరాకరణ ఉద్యమం కలిసి నడిచాయి. బీ అమ్మకు అప్పటికి డెబ్భై ఏళ్లు. ఆ వయసులో ఆమె ఊరూరా తిరిగారు. స్త్రీల కోసం పర్దా ఏర్పాటుతో ప్రత్యేకంగా సభలు జరిగేవి. విదేశీ బట్ట వదిలెయ్యమని, రాట్నం పట్టమని, హిందువులూ ముస్లిములూ ఒక్కటిగా ఉండమని ఆమె చెప్పేవారు. స్త్రీలు తమ ఒంటి మీది నగలు తీసి నిధికి ఇచ్చేవారు. కొడుకు చదువు కోసం నగలు తాకట్టు పెట్టిన తల్లి అడుగుతుంటే కాదనేవారెవరు?

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమై తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అనే లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యం కోసం దేశమంతటా పనిచేసిన వేలాది చేతుల్లో బీ అమ్మ చేతులూ ఉన్నాయి. బయటికి వెళ్లే అలవాటే లేని పర్దా స్త్రీల దగ్గరికి ఏ మగ నాయకుడూ వెళ్లలేడు. అక్కడికి బీ అమ్మ వెళ్లగలిగారు. పర్దా ఆమెకు అడ్డంకి కాలేదు సరికదా, ఇతరులకు మూసి ఉన్న తలుపులను ఆమె కోసం తెరిపించింది.

వాల్తేరు స్టేషనులో

ఈ కథలో మన తెలుగు నేలకు చెందిన ఘట్టం ఒకటుంది. 1921 జూలైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ మహాసభ, బ్రిటిష్ సైన్యంలో కొనసాగడం ముస్లిములకు ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. ఆ తర్వాత సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి మద్రాసు వెళ్తున్న ముహమ్మద్ అలీని వాల్తేరు రైల్వేస్టేషను వద్ద అరెస్టు చేశారు. రైలు అక్కడ కాసేపు ఆగుతుంది. ఆ వ్యవధిలో బయట వేచి ఉన్న ప్రజలతో మాట్లాడేందుకు వెళ్తుండగా పోలీసులు ఆయనను తీసుకెళ్లారు.

ఆ ప్రయాణంలో ఆయన భార్య అమ్జదీ బేగం కూడా ఉన్నారు. బీ అమ్మ కోడలు, అత్తగారిలాగే పర్దా పాటించే స్త్రీ. భర్తను కళ్లెదుటే తీసుకుపోయినా ఆమె వెనుదిరిగి ఇంటికి వెళ్లలేదు. గాంధీజీతోపాటే ప్రయాణం కొనసాగించి మద్రాసు చేరి అక్కడ సభలో మాట్లాడారు. గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటూ అదే ఏడాది ప్రత్యేకంగా రాశారు.

అదే ప్రయాణం కొనసాగింపులో, సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ తన దుస్తులు తగ్గించుకుని పేదవాడి అంగవస్త్రానికి మారారు. ఒకరు తన విశ్వాసం కొద్దీ దుస్తులు తగ్గించుకున్నారు. ఒకరు తన విశ్వాసం కొద్దీ నిండుగా కప్పుకున్నారు. ఇద్దరూ ఒకే రైల్లో, ఒకే పని మీద వెళ్లారు. గాంధీజీ వేషాన్ని వెక్కిరించిన తెల్లదొరలను దేశం క్షమించలేదు. బురఖాను వెక్కిరించేవారు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

కరాచీలోని ఖాలిక్‌దీనా హాలులో విచారణ జరిపి నవంబరు 1న అలీ సోదరులకు రెండేళ్ల కఠిన కారాగార శిక్ష విధించారు. తల్లి కొడుక్కి చెప్పే మాటలుగా అల్లిన ఒక ఉర్దూ పాట ఉత్తరాదిన వీధివీధినా మార్మోగింది. కొడుకులు జైలుకెళ్లారని బీ అమ్మ ఇంట్లో కూర్చోలేదు. డిసెంబరులో అహమ్మదాబాదులో జరిగిన అఖిల భారత మహిళా సభకు అధ్యక్షత వహించారు. మరుసటి సంవత్సరం బీహారులో పర్యటించారు.

ముసుగు ఎత్తిన రోజు

ఆమె జీవితంలో ఒక ఘట్టాన్ని కొందరు తమకు అనుకూలంగా వాడుకుంటారు. మరికొందరు అసలు చెప్పకుండా దాటవేస్తారు. దాన్ని దాచవలసిన అవసరం లేదు. కొడుకులు జైలులో ఉన్న రోజుల్లో పంజాబులో జరిగిన ఒక పెద్ద సభలో బీ అమ్మ తన ముసుగు పైకెత్తి మాట్లాడారు. ఎదుట ఉన్నవారంతా తన బిడ్డలేనని, బిడ్డల ముందు తల్లికి ముసుగు అక్కర్లేదని ఆమె భావన.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? వివాహాపేక్ష లేని వృద్ధ స్త్రీలు అలంకరణ ప్రదర్శించే ఉద్దేశం లేకుండా పైవస్త్రాన్ని తీసి ఉంచితే తప్పులేదని, అయినా జాగ్రత్త వహించడమే వారికి మేలని దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 60వ ఆయతు తెలుపుతున్నది. బీ అమ్మకు అప్పటికి డెబ్భై దాటాయి. పైగా ముఖం కప్పుకోవడం విషయంలో ధర్మపండితుల మధ్య మొదటినుంచీ భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక ఆమె హద్దు మీరారని అనడానికి వీల్లేదు. ముసుగు ఎత్తాకే ఆమెకు స్వేచ్ఛ లభించిందని చెప్పడం అంతకంటే పెద్ద పొరపాటు. కొడుకుల చదువు, ఛింద్వాడాలో ఎదిరింపు, కలకత్తా ప్రసంగం, పర్దా సభలు, ఇవన్నీ ఆ రోజుకు ముందే జరిగాయి. ఆమె బురఖా వేసుకున్నదీ తన ఎరుకతోనే, ఆ రోజు ముసుగు ఎత్తిందీ తన ఎరుకతోనే. ఆమె చేత ఎవరూ వేయించలేదు, ఎవరూ తీయించలేదు.

చివరి రోజులు

అలీ సోదరులు 1923లో విడుదలయ్యారు. ఆ ఏడాది డిసెంబరులో మన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభకు మౌలానా ముహమ్మద్ అలీ అధ్యక్షత వహించారు. ఒకనాడు నగలు తాకట్టు పెట్టి చదివించిన తల్లి శ్రమకు ఫలితం తెలుగువారు కళ్లారా చూశారు.

అయితే బీ అమ్మ కలలుగన్న ఐక్యత అప్పటికే బీటలు వారుతున్నది. 1924 మార్చిలో టర్కీ ప్రభుత్వమే ఖిలాఫత్‌ను రద్దు చేసింది. దేశంలో పలుచోట్ల మతకలహాలు రేగాయి. వాటికి వ్యథ చెంది గాంధీజీ ఆ సెప్టెంబరులో 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టింది ఢిల్లీలో ముహమ్మద్ అలీ ఇంట్లోనే. ఆ తర్వాత కొద్ది వారాలకే, 1924 నవంబరు 13న బీ అమ్మ ఢిల్లీలో తుదిశ్వాస విడిచారు. ఆమె చివరి ఘడియల్లో గాంధీజీ వెళ్లి ఆమెను చూశారు. ప్రజలు కలిసి ఉండాలన్నదే ఆమె చివరి రోజుల ఆవేదన.

మనకు ఆమె చెప్పేదేమిటి?

2022లో కర్ణాటకలోని ఉడుపిలో హిజాబ్ వేసుకొచ్చిన అమ్మాయిలను తరగతి గది బయట నిలబెట్టారు. ఆ సంవత్సరం మార్చి 15న రాష్ట్ర హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. అంతకు చాలా ముందే, 2004లో ఫ్రాన్సు ప్రభుత్వ పాఠశాలల్లో తలగుడ్డను నిషేధించింది. దేశాలు వేరైనా ఆ ఆడపిల్లల ముందు పెట్టిన ప్రశ్న ఒక్కటే. చదువు కావాలా, వస్త్రం కావాలా? బీ అమ్మ జీవితం ఆ ప్రశ్నే తప్పని చెబుతున్నది. వస్త్రం విడవకుండానే ఆమె కొడుకును ఆక్స్‌ఫర్డ్ దాకా చదివించారు, సభలను కదిలించారు, ప్రభుత్వాన్ని ఎదిరించారు.

అదే సమయంలో ఆమె మన ఇళ్ల వైపు కూడా వేలెత్తి చూపుతున్నారు. ఆమెకు మొదట అడ్డు వచ్చింది తెల్లదొర కాదు, సొంత ఇంటి పెద్ద. కూతురు బురఖా వేసుకున్నదా లేదా అని చూసే తండ్రి ఆమె ఇంటర్ తర్వాత ఏం చదవాలనుకుంటున్నదో కూడా అడగాలి. నూర్ సూరాలో స్త్రీల పర్దా గురించిన ఆజ్ఞకు ముందు పురుషులు తమ చూపులు కిందికి వాల్చుకోవాలన్న ఆజ్ఞ ఉంది. ఆ మొదటి ఆజ్ఞను వదిలేసి రెండోదాన్నే పట్టుకోవడం న్యాయం కాదు. ఆడపిల్ల బురఖా వేసుకుని చదువుకు వెళ్తానంటే బయట గేటు మూస్తున్నారని మనం బాధపడుతున్నాం. మరి లోపలి నుంచి మన తలుపు మనమే మూయకూడదు కదా!

ఇక ముస్లిమేతర సోదర సోదరీమణులకు బీ అమ్మ ఇచ్చే సందేశం చాలా చిన్నది. బురఖాలో ఉన్న స్త్రీ ఎదురైనప్పుడు ఆమె ఎవరో వస్త్రాన్ని బట్టి ఊహించుకోవద్దు. ఆమెతో మాట్లాడండి. ఆ తెర వెనుక ఒక టీచరు ఉండవచ్చు, ఒక డాక్టరు ఉండవచ్చు, నగలు తాకట్టు పెట్టి బిడ్డను చదివిస్తున్న ఒక తల్లి ఉండవచ్చు.

అల్లాహ్ బీ అమ్మను కరుణించుగాక! మన ఆడబిడ్డలకు ఆమె ధైర్యాన్నీ, మన ఇళ్లకు ఆమెలాంటి తల్లులనూ ప్రసాదించుగాక! ఆమీన్.